పెద్దాయన మేత

ఆ అబ్బాయి గొంతు తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. మొహం తెలిసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బ్యాంకుకు ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి లైనులో ఉండండి" అనేది అతనే. లిఫ్టు ఎక్కితే "తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త" అని హెచ్చరించేదీ అతనే. లైనులో నిలబెట్టినందుకు జనం రోజూ తిట్టే తిట్లన్నీ న్యాయంగా అతనికే చెందాలి. అందుకే కాబోలు, తను చేసే పని ఏమిటో అతను ఎవరికీ పెద్దగా చెప్పుకోడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని, ఒక అంతస్తు పైకెక్కి, పై ఇంటి కాలింగ్ బెల్ నొక్కాడు. పోట్లాడటానికే వెళ్లాడు. ఏం మాట్లాడాలో మెట్ల మీద రిహార్సల్ కూడా వేసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. రిహార్సల్ గాలికి కొట్టుకుపోయింది.

తలుపు తీసిన అమ్మాయి బాగుంది. అంతవరకు ఫర్వాలేదు, బాగున్న అమ్మాయిల్ని అతను ఇంతకు ముందూ చూశాడు. కానీ ఈ అమ్మాయి భుజం మీద ఆకుపచ్చ ఊసరవెల్లి ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దాని ఒక కన్ను అతని వైపు, రెండో కన్ను సీలింగు వైపు తిరిగి ఉన్నాయి.

"చెప్పండి," అంది అమ్మాయి.

"అది... కరుస్తుందా అండీ?"

"పెద్దాయనా? మీరు పురుగైతే కరుస్తాడు. కాదుగా?"

"కాదండీ," అన్నాడతను బుద్ధిగా. తర్వాత వచ్చిన పని గుర్తొచ్చింది. "నేను కింద ఇంట్లో ఉంటానండీ. మీ ఇంట్లో ఏదో పాడైనట్టుంది. ఫ్రిజ్జో, ఇన్వర్టరో. కీ కీ అని ఒకటే రొద. నేను పాఠాలు రికార్డు చేస్తుంటే మైకులో పడుతోంది."

"మా ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయే."

"మీరే వినండి," అని హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చాడు.

అమ్మాయి పెట్టుకుంది. ఊసరవెల్లి వంగి మరీ చూసింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ అబ్బాయి గొంతు గంభీరంగా, మొక్కలు సూర్యరశ్మి సాయంతో ఆహారం తయారుచేసుకుంటాయని చెబుతోంది. అతను ఊపిరి తీసుకునే ప్రతి చోటా వెనక నుంచి ఎవరో కీ, కీ, కీ అని వంతపాడుతున్నారు.

అమ్మాయి పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది, నవ్వు వచ్చేసింది.

"ఇది ఫ్రిజ్జు కాదండీ. మగాడు."

"మగాడా?" అతని మొహం పాలిపోయింది. తెలియని అమ్మాయి ఇంట్లో మగాడుంటే తన మొహం ఎందుకు పాలిపోవాలో అతనికే అర్థం కాలేదు.

"మగ కీచురాయి. పెద్దాయన మేత కోసం పెంచుతున్నాను. ఆడవి నోరెత్తవు. మగవే రెక్కలు రాసుకుంటూ గోల చేస్తాయి."

"ఎందుకంత గోల?"

"పెళ్లాం కోసం. ఇంకెందుకు?"

అతను ఊసరవెల్లి వైపు చూశాడు. అది రెండో కన్ను కూడా అతని వైపే తిప్పింది.

ఇంతలో లోపలి నుంచి వాళ్ల నాన్న వచ్చాడు. ఆయన వృత్తి ఏమిటో అడగక్కర్లేదు, చొక్కా జేబు మీద వెల్లకిలా పడిన బొద్దింక బొమ్మ కుట్టి ఉంటుంది. చెదలు, ఎలుకలు, నల్లులు, ముఖ్యంగా బొద్దింకలు. ఊళ్లో సగం ఆఫీసుల వంటగదుల్లో ఆయన స్ప్రే తిరిగింది. ఆ వాటాలో ఉండేది తండ్రీ కూతుళ్లే, పెద్దాయనతో కలిపి ముగ్గురు.

"ఎవరమ్మా?"

"కింద ఇంటాయన నాన్నా. మన కీచురాళ్లు ఆయన పాఠంలో దూరాయట."

"అంత తొందరేం లేదండీ, మెల్లగా..." అని అబ్బాయి నసిగాడు.

పెద్ద మనిషి చెయ్యెత్తి ఆపాడు. "ఉండు. ఇంకోసారి మాట్లాడు."

"ఏం మాట్లాడను అంకుల్?"

"తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త, అను."

అబ్బాయి అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "నువ్వేనా నాయనా ఆ లిఫ్టులో ఉండేది? వీపున డబ్బా వేసుకుని రోజూ పది లిఫ్టులెక్కుతాను. రోజంతా నాతో మర్యాదగా మాట్లాడేది నువ్వొక్కడివే. రా, లోపలికి రా, కాఫీ తాగి వెళ్లు."

అలా పోట్లాటకు వెళ్లినవాడు కాఫీ తాగి వచ్చాడు. తాగుతూ రెండు సంగతులు తెలుసుకున్నాడు. ఒకటి, ఆ అమ్మాయి మెయిన్ రోడ్డు మీద కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తుంది. రెండు, ఆ పెద్ద మనిషికి ఊసరవెల్లి అంటే ప్రాణం. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే గానీ పంజరం దగ్గరికి వెళ్లడు. "మాదీ ఆయనదీ ఒకే డిపార్ట్‌మెంటు," అన్నాడాయన. "నేను మందుతో చేసేది ఆయన నాలుకతో చేస్తాడు."

అమ్మాయి కూడా ఒక సంగతి తెలుసుకుంది. అతను రికార్డు చేస్తున్నది చూపులేని పిల్లల బడికి పాఠ్యపుస్తకాలు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, సగం పుస్తకాలు ఇంకా మిగిలాయి. అది విన్నాక ఆమె నవ్వడం మానేసింది.

"పిల్లల పాఠంలో నా పురుగుల గోల ఉండకూడదు," అంది. "ఏదో ఒకటి చేద్దాం. సాయంత్రం రండి, మగవాటిని ఏరేద్దాం."

* * *

ఆ సాయంత్రం వాన మొదలైంది. వాన పడితే అతనికి ఎలాగూ రికార్డింగ్ ఉండదు. మామూలుగా అయితే కిటికీలోంచి మబ్బుల్ని తిట్టుకుంటూ కూర్చునేవాడు. ఆ రోజు మాత్రం, కురిస్తే కురవనీ అనుకుని, తల దువ్వుకుని పైకెళ్లాడు.

టేబుల్ మీద రెండు గాజు డబ్బాలు, మధ్యలో గుడ్ల అట్టలు. ఆమె ఒక్కో అట్టా ఎత్తి విదిలిస్తుంటే కీచురాళ్లు పొలోమని రాలుతున్నాయి.

"వెనకాల సూదిలా పొడుచుకొచ్చి ఉంటే ఆడది, మట్టిలో గుడ్లు దించడానికి. సూది లేకుండా రెక్కలుంటే మగది. మగవి ఎడమ డబ్బాలోకి. ముందు అవే పెద్దాయనకి."

"పెళ్లీడు రాగానే ప్రాణం పోతుందన్నమాట."

"నోరు మూసుకుని ఉంటే బతికేవాళ్లుగా," అందామె తలెత్తకుండా.

అతను కాసేపు నోరు మూసుకున్నాడు. వాన చప్పుడు, అట్టల మీద సన్నటి కాళ్ల చప్పుడు. ఆమె కళ్లు పురుగుల మీదున్నాయి. అతని కళ్లు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు. అందువల్ల రెండు మగవి ఆడవాటిలో పడ్డాయి.

"ఇంత కష్టం ఎందుకండీ? నోరులేని పురుగులు వేరే దొరకవా?"

"దొరుకుతాయి. రోజూ పెట్టడానికి పనికి రావాలిగా. మీరు రోజూ ఏం తింటారు?"

"బిస్కెట్లు."

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "అందుకే అలా ఉన్నారు. మైనం పురుగులని ఉంటాయి, అచ్చం మీ బిస్కెట్లే. మెత్తగా, ఒళ్లంతా కొవ్వు. నాలుగు పూటలు పెట్టామంటే పెద్దాయన ఇంక వేరేదాని మొహం చూడడు. పిండి పురుగులకేమో పెంకు గట్టి, అరగదు. పట్టుపురుగులు బంగారంలాంటివి, కానీ వాటికి రోజూ మల్బరీ ఆకు ఎక్కడినుంచి తేను? రోజువారీ మేతంటే ఒంటికి పట్టాలి, కొవ్వెక్కించకూడదు. పెంకు మెత్తగా ఉండాలి. కదలాలి. కదలకపోతే పెద్దాయన కంటికది పురుగు కాదు, సామాను."

"మరి ఈ క్యారెట్ ముక్కలెవరికి?"

"పురుగులకే. వాటి కడుపులో ఏముంటే అదే ఆయన కడుపులోకి. ముందు వీటికి ఆకుకూరా, క్యారెట్టూ పెడతాను. ఇచ్చేముందు కాస్త కాల్షియం పొడి అద్దుతాను."

"నా తిండి కంటే నయం," అన్నాడతను మనస్ఫూర్తిగా.

మర్నాడు ఆమె షాపుకు వెళ్తూ ఒక టిఫిన్ డబ్బా అతని చేతిలో పెట్టింది. అందులో ఉడికించిన కూరగాయలున్నాయి. పైన ఒక కాగితం ముక్క. "పొడి అద్దలేదు" అని రాసి ఉంది.

అతను పరమానందంగా తిని, తలుపులు బిగించి, మైకు ముందు కూర్చుని, గురుత్వాకర్షణ పాఠం ఎత్తుకున్నాడు. ఆపిల్ పండు కింద పడబోయే సరికి పై నుంచి కీ అని వినిపించింది. ఆ ఇద్దరు మగవాళ్లూ ఆడవాళ్ల మధ్య కూర్చుని కచేరీ మొదలుపెట్టారు.

మళ్లీ ఏరారు. మళ్లీ ఒకటి తప్పించుకుంది. దాన్ని పట్టేసరికి పిల్లవాటిలో ఇంకొకదానికి రెక్కలొచ్చాయి. ఏరివేత ఇలాగే జీవితాంతం సాగినా అతనికి అభ్యంతరం లేదు. కానీ బడి నుంచి ఫోన్లు వస్తున్నాయి, పిల్లలు పాఠాల కోసం ఎదురు చూస్తున్నారు.

"ఇంక ఒక్కటే దారి," అందామె ఒక రోజు మెట్ల మీద, గొంతు తగ్గించి. "బొద్దింకలు."

అతను అదిరిపడ్డాడు.

"ఇంట్లో తిరిగేవి కాదు. మేతకని పెంపుడు జంతువుల షాపులో అమ్ముతారు. గాజు గోడ ఎక్కలేవు, ఊరికే ఎగరవు, వాసన రావు, కిక్కురుమనవు. కీచురాయి కంటే కండ ఎక్కువ. రోజువారీ మేతకి అంతకంటే మంచిది లేదు."

"మరి ఇన్నాళ్లూ అవే ఎందుకు తేలేదు?"

ఆమె తలుపు సందులోంచి లోపలికి చూపించింది. గోడకు వాళ్ల నాన్న స్ప్రే డబ్బా వేలాడుతోంది.

"కీచురాళ్లంటే పొలం పురుగులని ఊరుకున్నాడు. బొద్దింకలంటే నాన్న జీవితమంతా చేసిన యుద్ధం. ఆ ఇంట్లోకి నా చేత్తో నేను వాటినెలా తెస్తాను?"

"మా ఇంట్లో పెట్టండి," అన్నాడతను.

అనేశాక తనేమన్నాడో తనకు వినిపించింది. వెనక్కి తీసుకుందామనుకునే లోపు ఆమె కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆ చూపు చూశాక వెనక్కి తీసుకునే మగాడు ఎవడూ ఉండడు.

"మీ రికార్డింగ్ గదిలో ఫ్యాన్ ఉండదుగా?"

"వేస్తే మైకులో పడుతుంది. లోపల కూర్చుంటే ఉడికిపోతాను."

"బొద్దింకలకి అదే స్వర్గం. కానీ ఒక్కటండీ. నాన్నకి ఎప్పటికీ తెలియకూడదు. మాటివ్వండి."

"ఇచ్చాను."

కీచురాళ్లు జంతువుల షాపుకు తిరిగి వెళ్లాయి. మూత ఉన్న పెట్టెలో గోధుమరంగు బొద్దింకలు అతని టేబుల్ కింద చేరాయి. వాళ్ల నాన్నకేమో కీచురాళ్లను ఆ షాపులోనే ఉంచి రోజూ కొన్ని తెస్తున్నానని చెప్పింది. అది సగం అబద్ధం. రోజూ తేవడం నిజమే, తెచ్చేది మాత్రం షాపు నుంచి కాదు.

మొదటి పూట పెద్దాయన కొత్త మేతను ముట్టలేదు. గిన్నెలో వేస్తే బొద్దింక బిగుసుకుపోయి కూర్చుంది, ఆయన దాన్ని సామాను కింద జమకట్టాడు. ఆమె దిగాలు పడిపోయింది. "ఈయన తినకపోతే మళ్లీ కీచురాళ్లే గతి. మీ పిల్లల సంగతేంటి?"

"అది కదలాలి కదా. పంజరం జాలీ మీద వదలండి, పైకెక్కుతుందేమో."

వదిలింది. బొద్దింక జాలీ పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది. పెద్దాయన ఒక కన్ను ఇటు తిరిగింది. కాసేపటికి రెండోది కూడా వచ్చి దాని పక్కన చేరింది.

"రెండు కళ్లూ ఒకచోటికి వచ్చాయి," ఆమె అతని మోచేయి పట్టుకుంది. "ఇంక చూడండి, దూరం కొలుస్తున్నాడు."

టప్‌మని చిన్న చప్పుడైంది. జాలీ మీద బొద్దింక లేదు. పెద్దాయన తీరిగ్గా నములుతున్నాడు. ఆమె అతని మోచేయి వదలడం మరిచిపోయింది, అతను గుర్తు చేయలేదు.

* * *

ఆ తర్వాత రోజులన్నీ పండగలా గడిచాయి. సాయంత్రం షాపు నుంచి రాగానే ఆమె కిందికొచ్చేది. ఇద్దరూ పెట్టె ముందు కూర్చుని బొద్దింకలకు క్యారెట్ వేసేవాళ్లు. అతను ఆ రోజు రికార్డు చేసిన పాఠం వినిపించేవాడు. ఎక్కడా ఒక్క కీ లేదు. పుస్తకం తర్వాత పుస్తకం పూర్తయ్యాయి.

"మీ బొద్దింకలు రోజూ వింటున్నాయి కదా, ఎనిమిదో తరగతి పాసైపోయుంటాయి," అనేవాడు.

"పాసైనవాటిని పెద్దాయనకి పెట్టకండి, పాపం. ఫెయిలైనవి ఇవ్వండి."

ఇన్ని మాటలు మాట్లాడేవాడు గానీ అసలు మాట దగ్గరికి వచ్చేసరికి పెట్టెలో క్యారెట్ ముక్కలు సర్దేవాడు. ఎవరో రాసిచ్చిన వాక్యమైతే ఎంత పెద్దదైనా గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. సొంత వాక్యం ఒక్కటి రావడం లేదు. ఆమె మెట్లెక్కి వెళ్లిపోయాక మైకు ముందు కూర్చుని బ్రహ్మాండంగా చెప్పేవాడు. బొద్దింకలు ఆ ముక్కే ఎక్కువసార్లు విని ఉంటాయి.

ఇదిలా ఉండగా వాళ్ల నాన్న ఒక సాయం అడిగాడు. కంపెనీ ఫోన్‌కి మంచి గొంతుతో ఒక మెసేజ్ కావాలట. అబ్బాయి వెంటనే చేసిచ్చాడు. "చెదలా? ఎలుకలా? బొద్దింకలా? కంగారు పడకండి. మేమున్నాం." టేబుల్ కింద బొద్దింకల్ని పెట్టుకుని ఆ మాట చెబుతుంటే అతనికి మహా ఇబ్బందిగా అనిపించింది.

మెసేజ్ అందరికీ తెగ నచ్చింది. పెద్ద మనిషికి సంతోషం పట్టలేదు. ఎవరికైనా మేలు చేయాలంటే ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఓ మధ్యాహ్నం, అమ్మాయి షాపులో ఉన్న వేళ, వీపున డబ్బాతో సహా కింద ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు.

"ఇల్లంతా ఒక రౌండు కొట్టి పోతాను నాయనా. ఫ్రీ సర్వీసు."

"వద్దంకుల్, మా ఇంట్లో ఏమీ లేవు."

"అందరూ అలాగే అంటారు," అంటూ ఆయన వంటగదిలో దూరాడు. సింకు కింద, అలమర సందుల్లో, బాత్రూం మూలల్లో శ్రద్ధగా కొట్టాడు. అబ్బాయి కుడితిలో పడ్డ ఎలుకలా ఆయన వెనకాలే తిరిగాడు.

"ఈ గది వద్దంకుల్, మైకులున్నాయి."

"మైకుల్లోనే దూరతాయి. వెచ్చగా ఉంటుందిగా." ఆయన తలుపు తోశాడు. టార్చి వేశాడు. టేబుల్ కిందికి వంగి పెట్టె బయటికి లాగి, మూత తీశాడు.

ఆయన బొద్దింకల వైపు చూశాడు. ఒకటీ రెండూ కాదు, సంసారాలకు సంసారాలు. పక్కన తాజా క్యారెట్ ముక్కలు.

"ఎవరు పెట్టారిక్కడ?" అన్నాడాయన. "నీకెవరన్నా గిట్టనివాళ్లున్నారా?"

"నావే అంకుల్."

"నీవా?"

"పెంచుకుంటున్నాను."

"దేనికి?"

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ మాటిచ్చాడు. "ఇష్టం అంకుల్," అన్నాడు.

పెద్ద మనిషి అతన్ని జాలిగా చూశాడు. ఆ తర్వాత ఆయన చెయ్యి అలవాటు ప్రకారం తన పని తను చేసింది. స్ప్రే గొట్టం పెట్టె మీదికి వంగి బుస్సుమంది. అబ్బాయి ఒక్క దూకున పెట్టెను కావలించుకున్నాడు.

"కొట్టకండి అంకుల్. కావాలంటే నన్ను కొట్టండి."

ఆయన గొట్టం వెనక్కి తీసుకున్నాడు. డబ్బా భుజానికి సర్దుకున్నాడు. "సాయంత్రానికల్లా ఇది బిల్డింగులో ఉండకూడదు. ఇంకో మాట. మా అమ్మాయి నీ దగ్గరికి వస్తూ పోతూ ఉండటం నాకు తెలుసు. బుద్ధిమంతుడివని ఊరుకున్నాను. ఇంక పంపను," అని చెప్పి తల వంచుకుని వెళ్లిపోయాడు.

అబ్బాయి పెట్టె మూత బిగించాడు. ఆమె ఇంక రాదు అన్న మాట ఒక వైపు. మందు పడిన ఈ బొద్దింకల్లో ఒక్కటి పెద్దాయన నోట్లోకి వెళ్లినా ఆయన బతకడన్న భయం ఇంకో వైపు. పొద్దున ఆమె పట్టుకెళ్లినవి మంచివే. కానీ షాపు నుంచి వస్తూ ఆమె తన దగ్గరున్న ఇంకో తాళంచెవితో తలుపు తీసి, తిన్నగా పెట్టె దగ్గరికే వస్తుంది. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. బయట వాన దంచి కొడుతోంది. ఆమె వచ్చేదాకా కూర్చునే ఓపిక లేక, గొడుగు కోసం కూడా ఆగకుండా పరుగెత్తాడు.

* * *

కళ్లద్దాల షాపులోకి అతను నీళ్లోడుతూ వచ్చేసరికి కౌంటర్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె నిమిషంలో పరిస్థితి చక్కబెట్టింది. "రండి సార్, కూర్చోండి. కళ్లకేమైంది?" అంటూ లోపలి గదిలోకి లాక్కెళ్లి, కుర్చీలో కూలేసి, బరువైన ఇనుప ఫ్రేము అతని ముక్కు మీద పెట్టింది.

"ఇవాళ మేత ముట్టుకోకండి," అన్నాడతను రొప్పుతూ. "మందు పడింది."

ఆమె చేతులు ఆగిపోయాయి. అతను జరిగిందంతా చెప్పాడు.

"అవి నావని చెప్పేస్తే పోయేదిగా."

"చెప్పనని మాటిచ్చాను."

"అందుకని బొద్దింకలంటే ఇష్టమని చెప్పావా? నాన్న నీ గురించి ఏమనుకుంటాడు?"

మీరు పోయి నువ్వు వచ్చింది. కోపంలో ఆమె గమనించలేదు. చెవులతో బతికేవాడు కనుక అతను గమనించాడు.

"మరేం చెప్పను? నువ్వంటే ఇష్టమని చెప్పమంటావా?"

రిహార్సల్ లేకుండా వచ్చేసింది. ఎదురుగా గోడ మీద అక్షరాలు పెద్దవి పైన, చిన్నవి కింద, అన్నీ అతన్నే చూస్తున్నాయి.

ఆమె ఫ్రేము తీసేసింది. స్టూలు దగ్గరికి జరుపుకుని అతని కళ్లలోకి చూసింది.

"కదలకు. కంటిపాప పెద్దదవుతోంది."

"జబ్బా?"

"మొదటి రోజు తలుపు దగ్గరే చూశాను. పెద్దాయన్ని చూసి జడుసుకున్నావనుకున్నాను. తర్వాత రోజూ చూస్తూనే ఉన్నాను. పెద్దాయన లేకపోయినా పెద్దదే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"గొంతున్నది నీకా, నాకా?" ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "నాకూ నువ్వంటే చాలా ఇష్టం. టిఫిన్ డబ్బాలో కూరగాయలు ఊరికే పెడతారా ఎవరైనా? పద. నాన్నకి నేనే చెప్తాను."

* * *

వాళ్లు వెళ్లేసరికి పెద్ద మనిషి స్నానం చేసి, ఉతికిన కంపెనీ చొక్కా తొడుక్కుని, పంజరం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బంగారంలాంటి కుర్రాడనుకున్నాను," అని ఊసరవెల్లితో చెప్పుకుంటున్నాడు. "ఒంటరిగా ఉండి ఉండి అలా అయిపోయాడు."

"నాన్నా," అంది అమ్మాయి. "అవి నావి. పెద్దాయన కోసం నేనే తెచ్చాను. నువ్వు బాధపడతావని ఈయన ఇంట్లో దాచాను."

ఆయన వెనక్కి తిరిగాడు. కూతురు వైపు చూశాడు, తడిసి ముద్దైన అబ్బాయి వైపు చూశాడు.

"ఈ మధ్య పెద్దాయన కండపట్టింది, రంగు తేలింది అవి తినేనా?"

"అవి తినే."

"దాచావు చూడు, అదమ్మా నా బాధ."

"చెబితే ఊరుకునేవాడివా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఊరుకునేవాణ్ణి కాదనుకో. అయినా చెప్పాల్సింది." తర్వాత వృత్తి గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు. "ఆ పెట్టెలోది ఒక్కటి కూడా పెద్దాయనకి పెట్టొద్దు. నా మందు సంగతి నాకు తెలుసు."

అంతే, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. వెనకాల పరుగెత్తబోయిన అమ్మాయిని అబ్బాయి ఆపాడు. ఆయన బిల్డింగ్ సెక్రటరీ దగ్గరికి వెళ్లాడనుకున్నారు, ఇల్లు ఖాళీ చేయిస్తాడనుకున్నారు. ఇద్దరూ పంజరానికి చెరో పక్కా కూర్చున్నారు. పెద్దాయన ఒక కన్ను ఆమె మీద, ఒక కన్ను అతని మీద పెట్టి, మేత వేళ దాటిపోతోందని ఎదురు చూస్తున్నాడు.

చీకటి పడుతుండగా తలుపు చప్పుడైంది. ఆయనే. గడప బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. చంకలో గొడుగు, రెండు చేతుల్లో గాలికి చిల్లులు పెట్టిన కొత్త పెట్టె.

"ఈ బొద్దింక బొమ్మ చొక్కాతోనే వెళ్లాను," అన్నాడు. "మేత షాపువాడు నన్ను చూసి తనిఖీకి వచ్చాననుకుని పెట్టెలన్నీ లోపల పెట్టేశాడు. బొద్దింకలు కావాలన్నాను. చంపడానికా సార్ అన్నాడు. పెంచడానికి అన్నాను. ఆ ముక్క అనేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

అమ్మాయి కళ్లనిండా నీళ్లు. "నాన్నా, లోపలికి రా."

"నేనొస్తాను. ఇవి రావు. నా ఇంట్లో బొద్దింక అడుగు పెట్టదు. పెద్దాయనకేమో ఇవి లేకపోతే గడవదు. దారంతా ఆలోచించాను. ఒక్కటే తోచింది. ఈ అబ్బాయి గదిలోనే ఇవి ఉండాలి. మేత ఉన్నచోటే పెద్దాయన ఉండాలి. నిన్ను వదిలి పెద్దాయన ఉండడు. పెళ్లి కాకుండా నువ్వు కింద ఇంట్లో ఉంటానంటే నేను ఒప్పుకోను." ఆయన అబ్బాయి వైపు తిరిగాడు. "అంతేనా నాయనా, నేనేమన్నా తప్పుగా లెక్క కట్టానా?"

ఊరంతటికీ తలుపులు తెరిచి మూసే గొంతు అది. ఆ క్షణాన అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"లేదని చెప్పు," అని అమ్మాయి మోచేత్తో పొడిచింది.

"లేదు," అన్నాడతను. "సరిగ్గా కట్టారు."

"మరి ఆ పాతవాటిని ఏం చేద్దాం?"

"వాటిని తనే పెంచుకుంటాడులే నాన్నా. ఇష్టమన్నాడుగా," అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

పెద్ద మనిషి పకపకా నవ్వాడు. నవ్వుతూనే పెట్టె ముందుకు చాచాడు. అబ్బాయి గడప దాటి వెళ్లి, రెండు చేతులా అందుకున్నాడు. వాన తగ్గిన వరండాలో ముగ్గురూ ఆ పెట్టె చుట్టూ ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. జీవితమంతా బొద్దింకల్ని చంపిన మనిషి చేతులు వెనక్కి తీసుకోబోయి, మళ్లీ పెట్టె అడుగున ఆసరా పెట్టాడు.

"కుదపకుండా దించు నాయనా," అన్నాడు. "కొత్త చోటు కదా, బెదిరిపోతాయి."